గ్యాస్ నిలవని ఇల్లు

రాయపురంలో ఆ మిద్దెకి ఐదేళ్ళుగా
ప్రతి ఏప్రిల్‌లో నేనే పోతున్నాను.
గ్యాస్ పట్టిస్తాను, రెండువేల నాలుగొందలు తీసుకుంటాను,
"ఈ ఏడాదికి ఢోకా లేదక్కా" అంటాను.
ఆ మాట కూడా సిలిండర్ లాంటిదే,
ఇంటింటికీ మోసుకు తిరుగుతాను.

మరగతం అక్క పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు.
కత్తెర ఎండల్లో మధ్యాహ్నం రెండు
ఆమెకి అర్ధరాత్రి.
కిటికీకి నల్లగుడ్డ, చెవుల్లో దూది,
గోడ మీద ఒకటిన్నర టన్ను, మూడు స్టార్లు.
ఆమె ఆకాశంలో చుక్కలు ఆ మూడే.

ఇల్లు పాతది.
టేకు దూలాలు, నిలువుటిటుక, గచ్చు సున్నం,
పద్దెనిమిది అంగుళాల గోడ.
స్విచ్చుబోర్డు వెనక చెదమట్టి, గుడ్డ చుట్టిన తీగలు.
కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా
వంటింటి బల్బు ఒకసారి కన్ను మూసి తెరుస్తుంది.

ఈసారి గ్యాస్ మూడు వారాలు నిలవలేదు.
అక్క ఫోన్లో తిట్టలేదు.
"తంబీ, నిద్ర లేక నిన్న
ఒక మందుచీటీ మూడుసార్లు చదివాను" అంది.
అంతే.

నైట్రోజన్ సిలిండర్ భుజాన వేసుకుని
రెండంతస్తులు ఎక్కాను.
ఐదేళ్ళలో ఎప్పుడూ ఎక్కించలేదు దాన్ని.
గిన్నెల సబ్బు నురగ చేసి
కుంచెతో ఒక్కో అతుకుకీ పూశాను.
కాయిల్ మీద ఉప్పుగాలి కొరికిన పచ్చ మచ్చలు. అక్కడ లేదు.
వంపు దగ్గర లేదు. వాల్వు దగ్గర లేదు.
లోపలి యూనిట్ వెనక, టేపు కింద, ఇత్తడి నట్టు దగ్గర
ఒక బుడగ.
ఆవగింజంత. ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బి.

ఆ టేపు నాకు తెలుసు.
నల్లది అయిపోతే ఆ రోజు తెల్లది చుట్టింది నేనే.
తొమ్మిదేళ్ళ కిందట, సూళ్ళూరుపేట నుంచి దిగిన కొత్తలో
ఏసుపాదం మేస్త్రి టీకి పోతా "నువ్వు బిగించరా" అంటే
నేను చేసిన మొట్టమొదటి ఫ్లేర్.
రాగి అంచు ఒక పక్క వెంట్రుకంత చీలింది.
చూశాను.
బిగించేశాను.

కొత్త అంచు తీసి బిగించడానికి పది నిమిషాలు పట్టింది.
కానీ కంప్రెసర్ అప్పటికే
ఇన్నేళ్ళు కాలే కడుపుతో పరిగెత్తి లోపల చమురు మాడ్చుకుంది.
మూలిగింది. మీటర్ ముల్లు వణికింది. ఆగిపోయింది.

ఉప్పుగాలి అని చెప్పొచ్చు.
రాయపురంలో ఉప్పుగాలి ఎవరి తప్పునైనా మోస్తుంది.
నోటిదాకా వచ్చింది కూడా.

చెప్పేశాను, నాదే అని.
అక్క చాలాసేపు ఆ నట్టునే చూసింది.
"కొత్తలో ఒక పెద్దాయనకి నరం దొరక్క
నాలుగుచోట్ల పొడిచాను. చెయ్యి నీలంగా ఉబ్బింది.
ఆయన చర్మమే అంత అని చెప్పాను సిస్టరుకి" అంది.
కాసేపాగి,
"కానీ ఆయన దగ్గర ఏటా డబ్బు తీసుకోలేదు" అంది.

పాతదాని రాగి తూకం సొమ్ము, నా ఏప్రిళ్ళలో రెండు
కొత్తదాని ఖరీదులో కలిపాను.
మూడు ఏప్రిళ్ళు ఇంకా బాకీ.

మీటరు నుంచి కొత్త తీగ లాగాం.
పెరట్లో ఎర్తింగ్ గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ పోశాం.
పాత రంధ్రం లోపలికి వాలింది, అదీ మా పనే,
నీళ్ళు తలగడ మీదికి కారేవి.
కొత్తది బయటికి వాలుగా, రెండు వైపుల నుంచీ తొలచాలి.
బయట సగం అయింది. కనుబొమల నిండా సున్నం.
లోపలికొచ్చి డ్రిల్లు ఎత్తేసరికి
అక్క యూనిఫాంలోనే, కుర్చీలో,
తల గోడకి ఆనించి నిద్రపోతోంది.
గోడ ఇంకా ఆరంగుళాలుంది.

ప్లగ్ పీకేశాను.
కుర్రాణ్ణి సుత్తి కింద పెట్టమని సైగ చేసి
ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం,
ఇనప కమ్మీ పట్టుకోనీకుండా కాలుతోంది.

నాలుగింటికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది.
అప్పటికీ లేపలేదు.