మెట్ల వెనక అర

రాణీగంజ్‌లో కుత్బుద్దీన్ సేట్ పంపుల దుకాణం,
దాని మీది అంతస్తులో నా కుర్చీ.
కింద ఇనుము వాసన, పైన రేకుల కాక.
నాలుగు వందల పన్నెండు పేజీలు నా ముందు పెట్టి
"సబ్‌కో జోడో, బేటీ" అన్నాడు సేట్.
జోడించడమే కదా అనుకున్నాను.

మొదటి రోజు
ప్రతి "మోటారు" మాటకీ ఒక దారి కట్టాను,
ప్రతి "పైపు"కీ, ప్రతి "వాల్వు"కీ.
సాయంత్రానికి పేజీ
నీలిమందు ఎక్కువైన పంచెలా తేలింది.
ముప్పై ఒక్కేళ్ళుగా ఇక్కడ అరలు సర్దుతున్న బక్కయ్య
టీ గ్లాసుతో పైకొచ్చి
కళ్ళద్దాలు నుదుటికెత్తి చూశాడు.
"గిదేంది బిడ్డా, అన్ని దిక్కులా చెయ్యి చూపెడ్తే
మనిషి యాడికి పోతడు?"

అన్నీ విప్పేశాను,
కొలత తప్పిన జాకెట్టు కుట్లు విప్పినట్టు.

మర్నాడు కింద గల్లా పక్కన స్టూలు వేసుకుని
వచ్చినవాళ్ళు అడిగేది వింటూ కూర్చున్నా.
మోటారు కొన్నవాడు స్టార్టరు మరిచిపోతాడు.
ఫుట్‌వాల్వు అడిగినవాడి చూపు జాలీ మీద పడుతుంది.
గ్లాండు కారుతోందని పరుగున వచ్చినవాడికి
కావలసింది కొత్త పంపు కాదు,
జానెడు గ్రీజు తాడు.
వాళ్ళ మాట పూర్తవకముందే బక్కయ్య చెయ్యి
పక్క అర మీద ఉంటుంది.
ఆ చేతి కదలికలే నోటుబుక్కులో రాసుకున్నాను.

అప్పట్నుంచి "ఇక్కడ నొక్కండి" అని ఎక్కడా రాయలేదు.
అది, ఎక్కడికో చెప్పకుండా ఎక్కండి ఎక్కండి అనే
సికింద్రాబాద్ స్టేషన్ ఆటో.
"గ్లాండు కారితే మార్చే తాడు" అని రాశాను.
పొడుగైంది. అయినా
దిగే చోటు ఎక్కకముందే తెలుస్తుంది.

నాలుగో వారం లెక్క తీస్తే
ఒక పేజీకి ఏ పేజీ నుంచీ దారి లేదు.
తోలు వాషరు. చేతిపంపుది. రెండున్నర అంగుళాలు.
ఫొటో మసక, ధర పాతది.
ఏడాదిలో దాన్ని చూసింది ఇద్దరు:
ఒకరు సేట్ కొడుకు, ఇంకొకరు నేనే.
మా పనిలో ఇలాంటిదాన్ని అనాథ అంటారు.
ఆ మాట బక్కయ్య ముందు అనబుద్ధి కాలేదు.
"ఇది ఎక్కడుంటుంది?" అని అడిగానంతే.
"మెట్ల వెనకాల. ఆ అర నాకొక్కనికే ఎరుక"
అన్నాడు, కొంచెం గర్వంగా.
వచ్చే నెల ఆయనకి కంటి ఆపరేషను.

ఒక్క వస్తువుకి ఎన్ని పేర్లో!
మా అమ్మ నోట బోరింగు.
టెండరు కాగితాల్లో చేతిపంపు.
పాలమూరు సరుకు తెచ్చే డ్రైవరు చెన్నప్పకి కొట్టుడు పంపు.
మూడు పేర్లున్న మూడు పేజీల నుంచి
మెట్ల వెనక్కి మూడు దారులు వేశాను.
తెలివైనదాన్నే అనుకున్నాను.

గురువారం గల్లా దగ్గర ఫోను మోగింది.
దగ్గరున్నది నేనే.
జోగిపేట అవతల ఏదో బడి.
"మేడం, బోరింగు బకెట్టు ఉందా?"
బకెట్లు మేము అమ్మమండీ, అన్నాను మర్యాదగా.
నిచ్చెన మీంచి బక్కయ్య కేక:
"ఉందను! ఉందను!
తోలు వాషరే అది, పంపులు ఇప్పెటోళ్ళు గట్లనే అంటరు!"

పైకెళ్ళి నాలుగో పేరు చేర్చాను.
సిగ్గుకి వేళ్ళు తడబడి
బకెట్టుకి ట వత్తు ఎగిరిపోయింది, మళ్ళీ కొట్టాను.
వెనకే వచ్చిన బక్కయ్య ఆ నీలం మాట మీద
గ్రీజు వేలు ఆనించాడు. తెర మీద మచ్చ.
"గిది యాడికి పోతది?"
"మెట్ల వెనక్కి."

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"ఆడ బల్బు మాడిపోయింది. గది గూడ రాస్కో."