నలభై ఒకటో సీసా

మా వైపు కొండ లేదు.
ఎత్తంటే ఏటిగట్టు, అదీ మనుషులు పోసిన మట్టే.
దానిమీద సైకిలు తొక్కుతూ
ఇరవైతొమ్మిదేళ్ళు అమలాపురం కాలేజీకి వెళ్ళాను
ఒక కొండజీవికి నీళ్ళు మార్చడానికి.

నీళ్ళంటే ఫార్మలీను.
కళ్ళు మండేవి. వేళ్ళ చివర చర్మం
చింతపండు పిసికినట్టు ముడతలు పడేది.
జువాలజీ లాబు, మూడో బీరువా, కింది అర,
నలభై ఒకటో సీసా.
చీటీని చెదలు తినగా మిగిలింది
సగం ఊరి పేరు, ఒక తారీఖు.

పిల్లలు బల్లి అనేవారు.
"బల్లి కాదర్రా, కప్పకి చుట్టం,
పెద్దయినా తోక వదులుకోనిది" అనేవారు పేరి మాస్టారు.
తెలుగులో ఏమంటారండీ అని అడిగానోసారి.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"మనవాళ్ళు చూళ్ళేదు కదా ఇజ్రాయేలూ,
చూడనిదానికి పేరెవరు పెడతారు?"

పాము సీసా తుడుస్తుంటే పాము అనుకుంటాం.
దీన్ని తుడిచేటప్పుడు
అనుకోడానికి ఏమీ ఉండేది కాదు.
ఊరికే చూసేవాణ్ణి.
ముందు చేతికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి ఐదు,
వీపు మీద రెండు వరసల పొక్కులు,
ఒళ్ళంతా నానిన బియ్యం రంగు.

తొంభై ఆరు తుపాను రాత్రి లాబు రేకులు లేచిపోయాయి.
పడిపోయిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ తెల్లారి వెళితే
ఏలికపాములు వరండాలో,
కప్పలు గాజుపెంకుల మధ్య, రెండోసారి చచ్చి.
ఇదొక్కటి మాత్రం సీసాతో సహా పక్కకి ఒరిగి
గోడకేసి చూస్తోంది.
చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.
ఇల్లంటే అప్పటికి మూడు గోడలు.
"బియ్యం తెస్తావనుకుంటే శవాన్ని తెచ్చావా" అంది రూతమ్మ.
అని, తనే కుండ పక్కన చోటు చేసింది.
నెల్లాళ్ళు మాతోనే ఉంది.

మొన్న శుక్రవారం కొత్త మేడమ్ జాబితా పట్టుకొచ్చింది,
తీసెయ్యాల్సినవాటిది.
ఇకమీద పిల్లలు అన్నీ కంప్యూటర్లోనే కోస్తారట.
నలభై ఒకటి దగ్గర నా వేలు ఆగడం చూసి
ఫోను తీసింది.
"ఇవి ఇంకా ఉన్నాయండీ. నాలుగైదు కొండచెరువుల్లో. అంతే."

తెరమీద నడుస్తోంది.
నల్లటి ఒంటిమీద
పండిన వక్కల్లా పొక్కులు, వరసకట్టి.
తోక అంచుకీ అదే రంగు.
తడి ఆకుల మీద, తొందరేం లేకుండా
ఎడమ చెయ్యి, కుడి కాలు,
ఆగి, మళ్ళీ.

ఇరవైతొమ్మిదేళ్ళు తెల్లదనుకున్నాను.
నా చేత్తో పోసిన మందే దాని రంగు తాగేసిందని
ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

సాయంత్రం గట్టుమీద సైకిలాపాను.
వైనతేయకి ఎర్రనీళ్ళొచ్చాయి.
లంకలో పార దింపుతూ మా తాత అనేవాడు,
"ఇదంతా ఎక్కడో కొండేరా,
అరిగి అరిగి మనదాకా వచ్చింది" అని.
తాగి అంటున్నాడనుకునేవాణ్ణి.
కిందికి దిగి గుప్పెడు ఒండ్రు తీసి నలిపి చూశాను.
చల్లగా ఉంది. గరుకన్నది లేదు.

రిజిస్టరులో నలభై ఒకటికి ఎదురుగా
'పగిలినది' అని రాశాను. సంతకం నాదే.

"మళ్ళీ వచ్చిందా" అంది రూతమ్మ సంచీ చూసి,
ఊరెళ్ళొచ్చిన ఆడపడుచుని పలకరించినట్టు.
రంగు సంగతి చెప్పాను. వక్కపండు, అన్నాను.
నమ్మలేదు.
దొడ్లోకెళ్ళి ఒక పండు ఏరుకొచ్చి
సీసా పక్కన పెట్టింది,
సరిచూడ్డానికి.