తేట

మా సరస్సు అంత తేటగా ఎన్నడూ లేదు.
పడవ అంచున వంగితే
పన్నెండు మీటర్ల కింద
గున్‌వాల్డ్ మామ కుర్రతనంలో జారవిడిచిన
రాగి కాఫీ కెటిల్ కనిపించేది,
దాని ముక్కుతో సహా.
ఓస్లో నుంచి వచ్చినవాళ్లు
అద్దంలా ఉంది, అద్దంలా ఉందని
ఫొటోలు తీసుకుని పోయారు.
మామ వల ఎత్తాడు.
వలకున్న కళ్లన్నీ ఖాళీ.

నాకప్పుడు పదకొండేళ్లు.
జాం సీసాలో సరస్సుని బడికి పట్టుకెళ్లాను.
హెర్‌బోర్గ్ టీచరు ముంచిన లిట్మస్ కాగితం
దొంగతనం బయటపడ్డవాడి చెవిలా
ఎర్రబడింది.
ఆమె ఇంకేదో పరికరం తెచ్చి, చాలాసేపు చూసి
బోర్డు మీద రాసింది: నాలుగు పాయింట్ ఏడు.
"ఆరు నుంచి ఐదుకి దిగితే
ఒక మెట్టు దిగినట్టు కాదర్రా,
పులుపు పదింతలైనట్టు."
ఇంటికొచ్చి చెబితే మామ అన్నాడు,
"కిరాణా కొట్టువాడు కూడా అంత దారుణంగా పెంచడు."

సముద్రం అవతల ఎవరివో పొగగొట్టాలు.
వాళ్ల గదులు వెచ్చగానే ఉండి ఉంటాయి,
నేనేమీ అనను.
చలికాలమంతా మంచు దాచిపెట్టి
ఏప్రిల్లో కరుగుతూ
ముందుగా వదిలింది ఆ పులుపునే.
అది రాళ్లలోని అల్యూమినియాన్ని లేపింది.
అల్యూమినియం మొప్పల మీద పేరుకుంది.
చేపలు, నీళ్లలోనే ఉండి,
ఊపిరాడక పోయాయి.

గులకరాళ్ల సందుల్లో ట్రౌట్ గుడ్లు.
ఒక్కోదానిలో రెండు నల్లని చుక్కలు,
అప్పుడే వచ్చిన కళ్లు.
పొర కరిగించే రసం పిల్లల దగ్గరే ఉంది,
ఆ పులుపులో అది పనిచేయలేదు.
తాళంచెవి చేతిలోనే ఉంది.
తిరగలేదు.

తర్వాతెప్పుడో హెలికాప్టర్ వచ్చింది,
సున్నపురాయి పొడి కుమ్మరిస్తూ.
మామ టోపీ, కనుబొమలు, మీసం
ఒక్క గడియలో ముసలివయ్యాయి.
"ఏమిటే ఈ పిండి?"
"గవ్వలు మామా. మనుషులు పుట్టకముందు
ఏదో సముద్రంలో బతికినవి."
కాసేపు నమిలాడు ఆ మాటని.
"అయితే ఆ చచ్చినవాళ్లే
వీటికి తిండి పెట్టాలన్నమాట."

నలభై ఏళ్లుగా ఏటా ఏప్రిల్లో
గాజు బుడ్డి ఉన్న ఎలక్ట్రోడ్ ముంచి
అంకె రాసుకుంటున్నాను.
గట్టెక్కేసరికి నాకు ఆయాసం.
నా రక్తం ఏడు పాయింట్ నాలుగు దాటిపోకుండా
నన్నడక్కుండానే
ఊపిరి తన లెక్క తాను సరిచూసుకుంటుంది.
సరస్సుకి ఊపిరితిత్తుల్లేవు.
బస్తాలు మోసే మేమున్నాం.

మామకి కిడ్నీలు చెడినప్పుడు
నర్సు మెల్లగా చెప్పింది, ఏడు పాయింట్ ఒకటని.
వినేవాళ్లకి ఎంత చిన్న తేడా!
నేను కుర్చీ వెతుక్కున్నాను.

నిన్న పడవ అంచున వంగి చూశాను.
పచ్చటి కలక. ఏవో సన్నని పురుగులు,
వాటి వెనక ఏదో తోక విదిలింపు.
ఎంతసేపు చూసినా
కెటిల్ కనిపించలేదు.