ముప్పై డాలర్ల అచ్చు

టైర్ల కొట్టు మూసేశాక
పాత చక్రాల నుంచి ఊడబీకిన సీసపు తూకాలు
కాఫీ డబ్బా నిండా పోసుకుని
ఆర్విడ్ సాలో షెడ్డుకి నడిచాను.
మోంటానాలో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
రేకు తలుపు గాలితో ఏదో వాదించుకుంటోంది.

పొయ్యి మీద కుండ, కుండలో సీసం.
చూపుకి నీళ్లే.
ఒక్క చెమట చుక్క పడితే మాత్రం
ఎగిరి మొహాన కొడుతుంది.
అందుకే కాబోలు
మాటిమాటికీ దూరం జరిగి
మొహం తుడుచుకుని వస్తున్నాడు.

చేతిలో అల్యూమినియం అచ్చు:
రెండు చెక్కలు, ఒక బందు, పైన కోత రేకు.
"అగ్గువకి కొన్నది అగ్గిలో బయటపడుతుంది" అన్నాను.
నవ్వలేదు.

మొదటి తూటా ముడతలతో పుట్టింది
నీళ్లలో ఎక్కువసేపు నానిన వేళ్లలా.
"అచ్చు చల్లగా ఉంది."
అచ్చు మూలని సీసంలో ముంచి
అరవై లెక్కపెట్టాడు.
తర్వాతవి నాలుగు పర్లేదు. ఆ పైన
తెల్లారగట్ల గడ్డిలా మంచు పట్టినట్టు వచ్చాయి.
"ఇప్పుడు కాగిపోయింది."
నోరు తెరిపించి గాలికి పట్టాడు.

ఒకటి లోపలే కరుచుకుని రానంది.
కొయ్యసుత్తితో బందు మీద కొట్టాడు,
అచ్చు మీద కాదు, అచ్చు మీద ఎప్పుడూ కాదు.
"ఎంత మొండిదైనా మోర మీద కొట్టకూడదు" అన్నాడు,
ఎవరి గురించో.
భూతద్దంలో చూస్తే గుంట పెదవి మీద
కంటికి ఆనని అరుకు.
పళ్లు కుట్టుకునే పుల్లతో గీకాడు.
అగ్గిపుల్ల గీసి లోపలంతా మసి పట్టించాడు,
పసిపిల్లకి కాటుక దిద్దినంత మెల్లగా.

ఇక రెక్క మిగిలింది.
చెక్కలు కలిసే చోట తూటాకి రెండు పక్కలా
ఉల్లిపొరంత రెక్క.
మూసిన అచ్చుని దీపానికి ఎత్తిపడితే
సందులోంచి వెంట్రుకంత వెలుతురు.
జత కుదిర్చే మేకు ఒకటి పొడుచుకొచ్చింది.
చిన్న దెబ్బ. ఇంకొకటి.
వెలుతురు పోయింది.

తొమ్మిదింటికి
పాత తువ్వాలు మీద రాలింది:
అంచు పదును, అడుగు చదును,
ఒంటి మీద ఒక్క గీత లేదు.
వేలితో దొర్లించింది నేనే, ఇంకా చురుక్కుమంది.
ఆర్విడ్ దీపం కింద అటూ ఇటూ తిప్పాడు.
"అడుగు గుండ్రంగా ఉంది."
లేదు.
కుండలో వేశాడు.
మునిగింది. కాసేపటికి
అది ఎక్కడుందో కుండకే తెలీదు.

ఆ రివాల్వర్ వాళ్ల తాతది.
దానికి సరిపడే తూటా
ఏ కొట్టులోనూ దొరకదు.
రైఫిలు తలుపు వెనకే ఉంది.
పశువుల డాక్టరు సూది వేస్తానని
పోయిన వారమే అంది.
అయినా ఇతను అచ్చు తెప్పించాడు,
తొమ్మిది రోజులకి గానీ చేరని పార్సిల్లో.

గోడ అవతల ప్రూడీ మూడు కాళ్ల మీద నిలబడి ఉంది.
ఇరవై ఆరేళ్లు కొండదారుల్లో
రంపాలు, పిండి బస్తాలు, ఒక వేసవిలో
తుంటి విరిగిన నా తమ్ముణ్ణి
పదకొండు మైళ్లు కుదుపు లేకుండా మోసిన కంచరగాడిద.
బరువు మార్చుకున్నప్పుడల్లా మూలుగుతుంది.
ఇద్దరికీ వినపడుతుంది.
ఆర్విడ్ గరిటెతో సీసం మీది మురికి తీస్తాడు,
తీయడానికి ఏమీ లేకపోయినా.

మరొకటి రాలింది. అతను అటు తిరిగి ఉన్నప్పుడు
కోటు జేబులో వేసుకున్నాను.
బాగానే ఉంది. ఇదిగో చాలు, ఇక పద, అనాలి.
ఎవరో ఒకరు అనాలి.

"చల్లారిపోయింది మళ్లీ" అంటూ
అచ్చుని కుండ అంచు మీద పెట్టాడు.

జేబులోంచి తీసి
దీపం దగ్గరికి పట్టుకుని చూశాను.
అడుగున, ఒక పక్క,
ఏమో,
నాకూ కొంచెం అనుమానంగానే ఉంది.