అమ్మ వేళ్ల లెక్క

హల్ నగరం, క్రౌన్ కోర్టు, రెండో నంబరు గది.
జడ్జిగారు కాగితం మీంచి తలెత్తకుండానే చదివారు:
ప్రార్థనామందిరం కప్పు మీద సీసం రేకులు ఒలిచినందుకు రెండేళ్లు,
పోలీసులు వెంటపడితే వ్యాను అడ్డదిడ్డంగా తోలినందుకు ఏడాదిన్నర,
దొంగసొత్తు అమ్మినందుకు ఆరు నెలలు.
చివర్న, గొంతు సవరించుకున్నట్టు
ఒక్క మాట:
కన్‌కరెంట్.

నా పక్కన అమ్మ వేళ్లు ముడుస్తోంది.
ముప్పై ఏళ్లు చేపల షెడ్డులో కాడ్ చేపల్ని చీల్చిన వేళ్లు,
చూపుడువేలు కొస లేదు.
రెండూ, ఒకటిన్నరా, అరా...
నాలుగు.
"నాలుగేళ్లకి నాకు డెబ్బై ఏడు" అంది,
గాజుపలక వెనకున్న తమ్ముడు గార్త్‌కి వినబడేంత గట్టిగా.
వాడు బూట్ల వైపు చూసుకున్నాడు.

లాయరు మిస్ అలర్టన్ విగ్గు చంకలో పెట్టుకుని
వరండాలోకి వచ్చి చెప్పింది:
"కూడకండి, మిసెస్ బ్లెంకిన్. మూడూ కలిసే నడుస్తాయి.
పెద్దది పూర్తయ్యేలోపు చిన్నవి దాని కడుపులోనే అయిపోతాయి."
"మరి ఆ చిన్నవి ఎవరు అనుభవిస్తారు?"
"అతనే."
"ఎప్పుడు?"
"అప్పుడే."
అమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది,
చిల్లర తక్కువిచ్చిన దుకాణదారుని చూసినట్టు.
ఎక్కువిచ్చినా అలాగే చూస్తుంది.

ఆ రాత్రి వంటింట్లో నిఘంటువు తీశాను.
గార్త్ పదకొండో ఏట బడిలో గెల్చుకున్నది, అట్ట ఊడిపోయింది.
పాత లాటిన్‌లో, కలిసి పరుగెత్తడమట.
మూడు గీతలు ఒకే చుక్క దగ్గర కలిసినా అవి కన్‌కరెంటే,
ఒక జడ్జి తీర్పుకి ఇంకో జడ్జి ఔనన్నా దాదాపు ఈ మాటే.
గ్లాసు జారడం, గంట మోగడం
ఠక్కున ఒక్కసారే జరిగితే దానికి వేరే మాట ఉంది.
ఇది నిడివి ఉన్నవాటికి,
పక్కపక్కనే సాగేవాటికి.
పైకి చదువుతుంటే అమ్మ బంగాళాదుంపలు చెక్కుతోంది.

"దీనికి ఎదురుమాట?"
ఒకటయ్యాక ఒకటి, అన్నాను.
"అది నాకు తెలుసు. చేపల షెడ్డు,
అదయ్యాక బడిలో నేలలు తుడవడం,
అదయ్యాక మీ నాన్న పక్షవాతం."
కత్తి ఆగింది.
"కాదు. నేలలు తుడిచేటప్పుడే పక్షవాతం.
నీ విడాకులూ అప్పుడే.
నాకెవరూ తగ్గించలేదే!"

తర్వాత, నవ్వుతోందో లేదో తెలీని గొంతుతో:
"మీ నాన్న పడవ నడిపే రోజుల్లో చెప్పేవాడు,
ట్రెంటూ ఊజూ కలిసినచోట హంబర్ పుడుతుందని.
కలిశాక కూడా కొంత దూరం
రెండు నీళ్ల మధ్య కుట్టు కనబడుతుందట, చొక్కాకి ఉన్నట్టు.
ఎక్కడ పుడుతుందో వేలుపెట్టి చూపించమంటే మాత్రం
టీ తాగేవాడు."

నవంబరులో వానలు పట్టుకున్నాయి.
అమ్మ శనివారం పొద్దున్నే కోటు తొడుక్కుని వెళుతోంది.
జైలుకి అనుకున్నాను. జైలుకి గురువారాలు.
ఓసారి వెనకే వెళ్లాను.
హెసిల్ రోడ్డు చివర, రేకులు పోయిన ఆ మందిరమే.
కప్పుకి నీలం టార్పాలిన్, బెంచీల మధ్య మూడు బకెట్లు.
పాస్టరుగారికి ఈవిడెవరో తెలుసు. ఏమీ అనడు.
మాప్ ఎక్కడుందో మాత్రం చూపించాడట, మొదటి వారం.

తడి బెంచీ అంచున కూర్చున్నాం.
మూడు చోట్లా చుక్కలు, మూడు రకాల చప్పుడు.
"ఆ లాయరమ్మకేం తెలుసు" అంది అమ్మ.
"చూడు, చిన్నవే ముందు పొర్లిపోతాయి."
లేచి, పొట్టి వేలు బకెట్ చెవికి తగిలించి,
పెద్దది అలాగే వదిలేసి,
మిగతా రెండూ
రెండు చేతుల్తో ఒకేసారి ఎత్తింది.