చేయి తిరగడం

లాంగ్టన్‌లో వాన పడుతున్న మంగళవారం
టాబ్లెట్ సంచిలో పెట్టుకుని
బెరిల్ టనిక్లిఫ్ బల్ల ముందు కూర్చున్నాను.
"రా, డక్" అంది.
ఆ ఊళ్ళో అందరూ అందరికీ బాతులే, అది ముద్దట.
కిటికీ అవతల సీసా ఆకారపు పాత బట్టీ,
యాభై ఏళ్ళకు పైగా పొగ ఎరగని మెడ.

ఇరవై ఏడు కుంచెలు చేసుకెళ్ళాను ఆవిడ కోసం.
ఉడత తోకవి, మేక వెంట్రుకలవి, తడిసినవి, ఆరినవి,
వణికే గీతను సాపు చేసే తెలివొకటి వాటి వెనక.
ఆ తెలివికి మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఒక్క కుంచె తీసుకుంది.
ఒక్క ఆకు వేసింది.
చూసింది.
"బాగుంది. ఎవరు వేశారు?"

నవ్వాననుకుంటా.
ఆవిడ నవ్వలేదు.
నలభై నాలుగేళ్ళు కప్పుల మీద గడ్డిపూలు వేసిన మనిషి
ఆకు కొసన తన వణుకు కోసం వెతుక్కుంటోంది,
తలుపు ముందు నిలబడి తాళంచెవి తడుముకున్నట్టు.

ఆ సాయంత్రం రైల్లో ఆ తెలివిని తీసేశాను.
మూడు నెలల పని,
స్టాఫర్డ్ రాకముందే అయిపోయింది.

మళ్ళీ వెళ్ళాను.
చీజ్ చుట్టిన ఓట్స్ అట్టు పెట్టింది,
మన అట్టుకు పినతల్లి కూతురిలా ఉంది.
ఈసారి వణుకు వచ్చింది, ఆకు ఆవిడదే,
అయినా ఏదో కుదరడం లేదు.
టాబ్లెట్ అటు జరుపుతుంది, ఇటు జరుపుతుంది,
వైరు అడ్డొస్తుంది, టీ ఒలుకుతుంది.
యూజర్ తికమకపడుతోంది, అని నోటుబుక్కులో రాశాను.
కాసేపటికి కొట్టేశాను.
తికమక నాది.

అప్పుడు చూశాను ఎడమ చేతిని.
ఒళ్ళో ఊరికే పడి ఉంది,
పెళ్ళికి పిలిచి విస్తరి వేయడం మరిచిన చుట్టంలా.

అసలు బల్ల మీద, అసలు కప్పు మీద
గీత గీసేది కుడి చేయి కాదు.
అది గాల్లో ఆగి ఉంటుంది, ఊపిరి బిగబట్టి.
ఎడమ చేయి కింద చక్రాన్ని తిప్పుతుంది.
కప్పే వచ్చి కుంచెకు తగులుతుంది.

చేయి తిరిగిన మనిషి, అంటాం మన భాషలో.
ముప్పై ఆరేళ్ళుగా ఆ మాట వాడుతున్నాను
ఏం తిరుగుతుందో ఎన్నడూ అడగకుండా.

ఇప్పుడు తెర మీద ఎడమ మూల ఖాళీగా వదిలాను.
పేరు లేదు, బొమ్మ లేదు, సలహాల పెట్టె లేదు.
బొటనవేలితో రుద్దితే కాగితం తిరుగుతుంది, అంతే.
కుంచెలు నాలుగు ఉంచాను. మూడు ఎక్కువే.

మూడోసారి వెళ్ళినప్పుడు చెప్పకుండా ఇచ్చాను.
ఎడమ చేయి తనంతట తానే లేచి వెళ్ళింది
వాసన పట్టినట్టు.
తిప్పింది. ఆపింది. మళ్ళీ తిప్పింది.
చాలాసేపు గదిలో వాన ఒక్కటే మాట్లాడింది.

"చక్రం కాస్త బిగుతుగా ఉంది, డక్.
దీనికి నూనె ఎక్కడ వేస్తారు?"

నోటుబుక్కు తీసి
నూనె, అని రాసుకున్నాను.