రోజుకోసారి తిప్పు

మాచర్ల ఆసుపత్రికి బదిలీ కాగితం అందిన రోజున
ఎస్తేరు రాణి తన జాడీ తెచ్చి నా వంటింట్లో దించింది.
మూడు కిలోల నల్లద్రాక్ష, కిలోన్నర పంచదార,
గుప్పెడు గోధుమలు, ఆరు లవంగాలు,
మూతికి వాసెన కట్టిన పాత తెల్లచీర ముక్క.
"ఇరవై ఒక్క రోజులు. రోజుకోసారి చెక్కగరిటెతో తిప్పు.
ఇనప గరిటె పెట్టావో, ఊరుకోను" అంది,
మందు వేళ తప్పకూడదని రోగికి చెప్పినట్టే
నా కళ్ళలోకి చూసి.

అయిదు రోజులు తిప్పాను.
గుడ్డ విప్పితే బుసబుసమని, లోపలెవరో
నిద్దట్లో మాట్లాడుతున్నట్టుండేది.
ఆరో రోజు యార్డుకి లక్షన్నర టిక్కీలొచ్చాయి.

మార్చి నెలలో గుంటూరులో మాకు ఇల్లుండదు.
కమీషను కొట్లో పద్దుల మీద మోచేతులు,
ముక్కుకి తడిగుడ్డ.
తేజ రేటు పడిందని రైతు, ఎక్కువైందని వ్యాపారి,
ఇద్దరి మధ్యా తుమ్ముతూ నేను.
రాత్రి పదింటికి బ్రాడీపేట చేరి
సబ్బుతో, శనగపిండితో, ఆఖరికి మజ్జిగతో
చేతులు కడుక్కుని అన్నం కలిపినా
పెదాలు భగ్గుమంటాయి.
జాడీ ఆ మూలే ఉంది. చూశాను.
రేపు, అన్నాను.
దానికి వినపడే ఉంటుంది.

ముప్ఫై నాలుగో రోజు ఆదివారం.
గుడ్డ విప్పగానే ముఖాన కొట్టింది పులుపు.
తొక్కలన్నీ పైన అట్టకట్టి,
పలచటి బట్టలో వడగడితే, కింద
అబ్బ, ఆ ఎరుపు!
ఈ ఊళ్ళో ఎరుపంటే దగ్గు. ఎరుపంటే కంట్లో నీళ్ళు.
దగ్గించని ఎరుపుని
కిటికీ వెలుతురుకి అడ్డంపెట్టి
ఎంతసేపు చూశానో.

ఫోను చెయ్యడానికి రెండు గంటలు పట్టింది.
నిజం చెప్పడానికి ఇంకో అయిదు నిమిషాలు.
అవతల వార్డులో ఎవరి పసిబిడ్డో ఏడుస్తోంది.
"పారబొయ్యకు" అంది.
"పాడవలేదది, అలిగింది.
బత్తాయిలు చక్రాల్లా కొయ్యి. గింజలు తీసెయ్, చేదెక్కుద్ది.
ఒక ఆపిలు, రెండు కమలాలు, కాస్త పాకం.
రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టి
తాగబోయే ముందు గోలీసోడా కొట్టు.
సాంగ్రియా అంటారులే దాన్ని.
ట్రైనింగులో గోవా పిల్ల ఫిలోమినా
హాస్టలు బక్కెట్లో కలిపేది."
నవ్వింది. నన్ను తిట్టలేదు.
తిడితే బాగుండేది.

కొల్లి శారద మార్కెట్లో ఏరి ఏరి కొన్నాను,
బేరం కూడా ఆడలేదు.
కత్తిపీట ముందు కూచుని కోశాను,
ఎన్నిసార్లు కడిగినా పోని నా వేళ్ళతోనే.

మర్నాడు సాయంత్రం డాబా మీద ఉక్క.
గాలి ఆకంత కూడా లేదు.
బొటనవేలితో నొక్కితే గోలీ కీచుమని లోపలికి జారింది.
స్టీలు గ్లాసులో రంగు తెలీదని
ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసుకున్నాను.
తొలి గుక్క తియ్యన. వెనకే పులుపు.
ఆ వెనకాల, గొంతు దిగేచోట, సన్నటి మంట.
లవంగమనుకున్నాను.
రెండో గుక్కకి తెలిసింది.
లవంగం కాదు,
ముప్ఫై నాలుగు రోజుల నా యార్డు.

"ఎట్టా ఉంది?" అని రాత్రి మెసేజి పెట్టింది.
కారంగా ఉంది, అని రాసి, చెరిపి,
వచ్చి చెప్తా, అని పంపాను.

శనివారం మాచర్ల ప్యాసింజరు.
ఫ్లాస్కులో సగం పోశాను, బత్తాయి చక్రాలతో సహా.
సోడా ఇప్పుడే కలిపితే
నరసరావుపేట దాటేలోపు పొంగు చచ్చిపోతుంది.
అందుకని రెండు గోలీసోడాలు విడిగా
తువ్వాల్లో చుట్టి సంచిలో సర్దాను.
చెక్కగరిటె కూడా.
అది తనదే.